ముట్టుకోకుండా వంగిన మోకాలు

మోకాలి మార్పిడి చేయించుకున్న వాళ్ళకి ఆపరేషన్ చేసిన డాక్టరు దేవుడిలా కనిపిస్తాడు. మర్నాడు పొద్దున్నే వచ్చి "కాలు వంచండి" అనే ఫిజియోథెరపిస్టు యముడిలా కనిపిస్తాడు. నేను తెనాలిలో ఒక ఎముకల ఆసుపత్రిలో ఆ రెండో ఉద్యోగం చేసి ఈ మధ్యే రిటైరయ్యాను. వార్డులో నాకు 'విరిచే మేడం' అని పేరు. నా మొహం మీద ఎవరూ అనలేదు గానీ, నేను వరండాలో నడిచి వస్తుంటే "అదుగో, వస్తోంది" అనుకుంటూ దుప్పట్లు మెడదాకా లాక్కునేవాళ్ళు. పొలంలో తాచుపాముని ఒక్క కర్రదెబ్బకి కొట్టానని గొప్పలు చెప్పిన పెద్దమనుషులు కూడా అందులో ఉన్నారు.

ఇప్పుడు ఈ చదువు చదువుతున్న పిల్లలు కనిపించినప్పుడల్లా "మేడం, మీ సర్వీసులో మర్చిపోలేని కేసు ఏంటండీ?" అని అడుగుతారు. లారీ కింద పడి బతికి బయటపడ్డ వాళ్ళ సంగతేదో చెబుతానని వాళ్ళ ఆశ. నేను చెప్పేది మాత్రం ఒక మామూలు మోకాలి గురించి. ఆపరేషన్ చక్కగా జరిగింది, కుట్లు చక్కగా మానాయి. వంగలేదు, అంతే. అది వంగిన రోజు నేను చూసినదాన్ని తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు గగుర్పొడుస్తుంది.

ఆవిడ రేపల్లె అవతల, నగరం వెళ్ళే దారిలో ఉన్న ఒక ఊళ్ళో వేణుగోపాలస్వామి గుడి అర్చకుల భార్య. అరవై దాటిన మనిషి. సన్నగా, పొడుగ్గా ఉంటారు. మాటలో కాస్త అధికారం ఉంటుంది. నేను పిన్నిగారూ అని పిలిచేదాన్ని, ఆవిడ నన్ను అమ్మాయ్ అనేవారు. యాభై ఏళ్ళు దాటిన నన్ను అమ్మాయ్ అనే మనుషులు అప్పటికే తగ్గిపోయారు కాబట్టి, ఆ పిలుపు నాకు బాగుండేది.

పెళ్ళయి ఆ ఊరొచ్చిన దగ్గర్నుంచి స్వామి నైవేద్యం వంట పిన్నిగారిదే. అందులోనూ ధనుర్మాసం. ఆ నెల్లాళ్ళూ తెల్లవారకముందే గుడి వంటింట్లో కట్టెపొంగలి వండటం ఆవిడకి ఏడాది మొత్తంలో పెద్ద పని, పెద్ద సంబరం. మోకాలు అరిగిపోయి, కిందటి ధనుర్మాసంలో సగం రోజులకే గరిటె భర్త చేతికి ఇవ్వాల్సి వచ్చింది. ఆ కష్టానికే ఆపరేషన్‌కి ఒప్పుకున్నారు. "మళ్ళీ ధనుర్మాసానికి నేను వంటింట్లో ఉండాలి డాక్టరుగారూ. అలా అయితేనే కొయ్యండి" అన్నారట. డాక్టరుగారు సరేనన్నారు. దసరా వెళ్ళగానే ఆపరేషన్ అయిపోయింది.

మొదటి చిక్కు ఆసుపత్రిలోనే వచ్చింది. నేను సెలవులో ఉన్న రోజు, నాతో పనిచేసే ఒకాయన ఆవిడ దగ్గరికి వెళ్ళాడు. మంచివాడే గానీ తొందర మనిషి. ఊరు సంగతులు అడుగుతూ మాటల్లో పెట్టి, కాలు గభాలున వంచేశాడు. పిన్నిగారు పెట్టిన కేక కింద మందుల షాపు దాకా వినపడిందని నర్సులు చెప్పారు. మర్నాడు నేను వెళ్ళేసరికి ఆవిడ నన్ను ఎగాదిగా చూసి, "నువ్వూ ఆ బాపతేనా అమ్మాయ్?" అన్నారు.

కాదండీ అన్నాను. నమ్మలేదు. ఆవిడ నమ్మినా నమ్మకపోయినా ఆవిడ కాలు అసలు నమ్మలేదు. నేను మంచం దగ్గరికి వస్తే చాలు, తొడ ముందున్న కండ రోకలిలా బిగుసుకుపోయేది. కాలివేళ్ళు ముడుచుకునేవి. ఆ కండ వదలకపోతే మోకాలు వంగదు. బలవంతంగా వంచితే నొప్పి, నొప్పి పుడితే భయం, భయపడితే కండ మరింత బిగుసుకోవడం. ఇంటికి పంపే రోజుకి కొత్త మోకాలు కొంచెం కదిలింది, అంతే. "మీరు ఇంటికి వెళ్ళి చేయించండి మేడం. మీకైతే స్టేషన్ పక్కనే ఇల్లు" అన్నారు డాక్టరుగారు. నా ఇల్లు స్టేషన్ పక్కన ఉండటం నా సర్వీసులో నాకు చాలాసార్లు ఇలాగే చుట్టుకుంది.

అలా మొదలైంది నా రేపల్లె ప్రయాణం. పొద్దున్నే తెనాలిలో పాసెంజరు ఎక్కి, రేపల్లెలో దిగి, షేర్ ఆటోలో ఆ ఊరు వెళ్ళి, తిరుగు బండికి వచ్చేసి డ్యూటీలో పడాలి. బండిలో ఎప్పుడూ పాలవాళ్ళు, కూరల బుట్టలు, ఉద్యోగస్తులు. కిటికీ పక్కన కూర్చుని పచ్చటి చేలు చూస్తూ వెళ్ళేదాన్ని. హాయిగా ఉండేది, ఆ ఇంటి గడప తొక్కేదాకా.

గడప తొక్కగానే హాల్లో కుర్చీలో కూర్చున్న పిన్నిగారు అరచెయ్యి ఎత్తి నన్ను ఆపేశారు.

"ఆగక్కడ. మడిలో ఉన్నాను. గుడిలో గంట కొట్టాక రా."

తెలియని పిల్లల కోసం చెబుతున్నాను. మడి అంటే పొద్దున్నే తలస్నానం చేసి, ఎవరూ తాకకుండా విడిగా ఆరేసిన చీర కట్టుకుని, పూజ ముగిసేదాకా ఎవరినీ ముట్టుకోకుండా ఉండటం. ఎవరినీ అంటే ఎవరినీ. కన్నకూతురు ముట్టుకున్నా మళ్ళీ స్నానం చెయ్యాల్సిందే. ఆవిడ వంట చెయ్యలేకపోతున్నందుకు భర్త, అంటే బాబాయిగారే నైవేద్యం వండుకుంటున్నారు గానీ, "వంట ఎలాగూ పోయింది, మడి కూడా వదిలెయ్యనా?" అని పిన్నిగారు పట్టుబట్టి కూర్చున్నారు. వాకరు పట్టుకుని స్నానానికి వెళ్ళి రావడమే ఆవిడకి పెద్ద యాత్ర. నేను ముట్టుకున్న ప్రతిసారీ మళ్ళీ స్నానం అంటే, తడి గచ్చు మీద ఆ మనిషి జారిపడితే ఏం గాను?

సరే అని అరుగు మీద కూర్చున్నాను. నైవేద్యం పూర్తయి గుడిలో గంట మోగేసరికి నా బండికి వేళ దగ్గర పడేది. లోపలికి వెళ్ళి మోకాలి మీద చెయ్యి వేస్తే రాయి మీద వేసినట్టే. గట్టిగా కళ్ళు మూసుకుని, పళ్ళ బిగువున "కానియ్యి అమ్మాయ్" అనేవారు. ఏం కానిస్తాను?

మూడో వారంలో గానీ నాకు అసలు సంగతి తెలియలేదు. నొప్పి తగ్గే మాత్ర పొద్దున వేసుకుంటున్నారా అని అడిగాను.

"గంట కొట్టాక, అన్నం తిన్నాక వేసుకుంటున్నాగా" అన్నారు పిన్నిగారు.

"పొద్దున్నే వేసుకోమన్నాం కదండీ!"

"ఏమీ తినకుండా వేసుకోవద్దన్నారు డాక్టరుగారు. నైవేద్యం కాకుండా నేనేమీ తినను. ఇందులో ఆయన మాట నేను ఎక్కడ తీసేశాను?"

నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. డాక్టరు మాటా నిలబెట్టారు, దేవుడి మాటా నిలబెట్టారు, మధ్యలో మోకాలు పడుకుంది. నేను వచ్చే వేళకి ఒంట్లో మందే ఉండటం లేదన్న మాట. బాబాయిగారి వైపు చూశాను. ఆయన శాంతమూర్తి. "పాలు తాగొచ్చమ్మా, దోషం లేదు. మందుకి అసలే లేదు. నేనూ చెబుతూనే ఉన్నాను" అన్నారు. "మీకు లేకపోవచ్చు, నా మనసు ఒప్పుకోదు" అన్నారు పిన్నిగారు. ఆయన నా వైపు తిరిగి, "ఆవిడ మడి ముందు నా అర్చకత్వం చాలదమ్మా" అని గుడికి వెళ్ళిపోయారు.

ఈ స్థితిలో దిగారు లెక్చరర్‌గారు.

పిన్నిగారికి చిన్ననాటి స్నేహితురాలు. బాపట్లలో ఒక కాలేజీలో ఫిజిక్స్ చెప్పి రిటైరయ్యారు. ఖద్దరు చీర, పొట్టి జుట్టు, చేతిలో ఎప్పుడూ ఒక గొడుగు. రిటైరయ్యాక ఆవిడ శక్తి చికిత్స నేర్చుకున్నారు. మందు లేదు, నూనె లేదు, నొక్కడం లేదు. రోగి ఒంటికి జానెడు ఎడంగా రెండు అరచేతులూ ఉంచి, కళ్ళు మూసుకుని కూర్చుంటారు. ప్రాణశక్తి చేతుల్లోంచి ప్రవహించి నొప్పి ఉన్నచోట సర్దుబాటు చేస్తుందంటారు. వారానికి రెండుసార్లు బాపట్ల నుంచి రేపల్లె బస్సులో వచ్చి పిన్నిగారి మోకాలికి ఈ వైద్యం చెయ్యడం మొదలుపెట్టారు.

మీకు అర్థమైందిగా? ఆవిడ ముట్టుకోరు. కాబట్టి మడి చెడదు. నాకు దొరకని పొద్దుటిపూట మొత్తం ఆవిడకి దొరికింది. నేను, డిగ్రీ ఉన్నదాన్ని, అరుగు మీద కూర్చుని గంట కోసం ఎదురుచూడటం. ఆవిడ లోపల కుర్చీ వేసుకుని గాలిలో చేతులు పెట్టి కూర్చోవడం. కిటికీలోంచి ఆ దృశ్యం చూస్తే నాకు ఒళ్ళు మండిపోయేది.

అది కూడా సహించేదాన్నేమో గానీ, ఒకరోజు పిన్నిగారు, "ఇవాళ వ్యాయామాలు చెయ్యలేదు అమ్మాయ్, ఆవిడ వచ్చిందిగా, అదే సరిపోతుంది" అన్నారు. లెక్చరర్‌గారు వచ్చిన రోజుల్లో వ్యాయామం పూర్తిగా మానేస్తున్నారన్న మాట. ఇంక నా వల్ల కాలేదు. గొడుగు తీసుకుని బయటికి వచ్చిన లెక్చరర్‌గారిని అరుగు మీదే పట్టుకున్నాను.

"ఏంటండీ ఇది? మీరు వచ్చి వెళ్తే చాలు, కాలు కదపక్కర్లేదని చెప్పారా?"

"నేనలా చెప్పలేదే! విశ్రాంతిగా ఉండు, దేనికీ కంగారుపడకు అన్నాను."

"ఆవిడ అది వ్యాయామం మానెయ్యమన్నట్టు అర్థం చేసుకున్నారు. కొత్త మోకాలికి గడువుంటుందండీ. ఈలోపల వంగకపోతే లోపలి కండలు అతుక్కుని ఎప్పటికీ వంగదు. ఆవిడ మెట్టెక్కలేరు, ఆటో ఎక్కలేరు. మీ గాలి వైద్యానికి ఆవిడ కాలు బలి పెడతారా?"

గాలి వైద్యం అన్న మాట కొంచెం గట్టిగానే అన్నాను. పక్కింటావిడ గోడ మీదుగా తొంగి చూసింది కూడా. లెక్చరర్‌గారి మొహం ఎర్రబడింది. అయినా గొంతు పెంచలేదు.

"దానికి నేనేం చెయ్యాలో చెప్పండి. ఇప్పుడే లోపలికి వెళ్ళి చెబుతాను" అన్నారు.

అంత తేలిగ్గా దారికి వస్తారని నేననుకోలేదు. అందుకని ఇంకొంచెం గిల్లాను. "ఇన్నేళ్ళు ఫిజిక్స్ చెప్పారు. ఇది ఏ శక్తి అండీ? మీటరు పెట్టి కొలిచారా?"

ఆవిడ నవ్వేశారు. "కొలవలేదమ్మా. కొలవలేనిది లేదని ఉద్యోగంలో ఉన్నంతకాలం పిల్లలకి చెప్పాను. ఇప్పుడు ఉందో లేదో తెలీదు అంటున్నాను. రిటైరయ్యాక ఆ మాత్రం స్వేచ్ఛ ఉంటుంది కదా. ఒకటి మాత్రం నాకు తెలుసు. నేను అలా కూర్చుంటే కొందరు నెమ్మదిస్తారు. దాన్ని మీరేమని పిలిచినా నాకు కోపం లేదు."

అప్పుడే లోపలికి వెళ్ళి, స్నేహితురాలి ముందు నిలబడి, "నువ్వు పొద్దున్నే గ్లాసెడు పాలు తాగి, మాత్ర వేసుకుని, ఈవిడ చెప్పిన వ్యాయామం చేస్తేనే నేను చేతులు పెడతాను. లేకపోతే ఈ బస్సులో వెళ్ళిపోయి మళ్ళీ రాను" అన్నారు. దేవుడి అర్చకుడికి లొంగని మనిషి చిన్ననాటి స్నేహితురాలికి లొంగిపోయారు. నా కళ్ళ ముందే పాలు తాగారు, చేదు కషాయం తాగినట్టు మొహం పెట్టి.

కానీ ఆలస్యమైపోయిందేమో అనిపించింది. కార్తీకంలో చెకప్‌కి తెనాలి తీసుకొస్తే, డాక్టరుగారు కాలు పట్టుకుని చూసి పెదవి విరిచారు. "ఇంకొక్క వారం చూస్తానమ్మా. అప్పటికి కనీసం కుర్చీలో మామూలుగా కూర్చున్నంత వంగకపోతే, మత్తు ఇచ్చి నేనే వంచాల్సి ఉంటుంది" అన్నారు. పిన్నిగారు ఆటోలో కాలు బార చాపి అడ్డంగా కూర్చుని, స్టేషన్ దగ్గరికి వచ్చాక, "ఆ ఆపరేషన్ గదిలోకి నేను మళ్ళీ వెళ్ళను అమ్మాయ్. కాలు కర్రలా ఉండిపోతే పోనీ. ఇక పొంగలి వండనన్న మాట" అన్నారు.

ఆ వారమంతా పాలు, మాత్ర, వ్యాయామం అన్నీ సవ్యంగా జరిగాయి. నొప్పి తగ్గింది. కానీ నేను చెయ్యి వెయ్యగానే కండ బిగుసుకోవడం మాత్రం తగ్గలేదు. మందు నొప్పికి పనిచేసింది గానీ ఆ కేక ఆవిడ ఒంట్లో నుంచి పోలేదు.

ఆ రోజు చెకప్‌కి ముందురోజు. నేను వెళ్ళేసరికి లెక్చరర్‌గారు అప్పటికే వచ్చి ఉన్నారు. పిన్నిగారు హాల్లో చేతుల కుర్చీలో కూర్చున్నారు. ఆపరేషన్ అయిన కాలు కొంచెం ముందుకి చాపి ఉంది. పాదం కింద మడత పెట్టిన పాత పంచె ముక్క. నున్నటి గచ్చు మీద దాన్ని జరపడం నేను నేర్పిన వ్యాయామమే. లెక్చరర్‌గారు ఎదురుగా చిన్న స్టూలు మీద కూర్చుని, మోకాలికి అటూ ఇటూ జానెడు దూరంలో అరచేతులు నిలిపి, కళ్ళు మూసుకున్నారు. పిన్నిగారు కూడా కళ్ళు మూసుకున్నారు. ఇంట్లో ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ లేదు. ఎప్పుడూ అరుగు మీదే ఆగిపోయేదాన్ని, ఆ రోజు ఎందుకో గడప దాకా వచ్చి నిలబడ్డాను. మొదటిసారి ఆ వైద్యాన్ని దగ్గర్నుంచి చూశాను.

మా వృత్తిలో వాళ్ళం మొహాలు చూడం, కండలు చూస్తాం. నేను పిన్నిగారి కాలివేళ్ళు చూశాను. విచ్చుకుని ఉన్నాయి. ఆపరేషన్ అయిన దగ్గర్నుంచి ఆ వేళ్ళు అలా ఉండటం నేను చూడలేదు. పలచటి నేత చీర కింద తొడ కండ తెలుస్తూనే ఉంది. వదులుగా, పక్కకి వాలి ఉంది, నిద్రపోతున్న పిల్ల తొడలాగ. నా చేతుల కింద ఎన్నడూ వదలని కండ అది. నేను వేడినీళ్ళ కాపడం పెట్టాను, బతిమాలాను, కసిరాను, కథలు చెప్పాను. ఒక్కసారీ వదల్లేదు. ఇప్పుడు ఎవరూ ముట్టుకోకుండా వదిలింది.

చెప్పులు విడిచి, చప్పుడు కాకుండా లోపలికి వెళ్ళాను. లెక్చరర్‌గారు కళ్ళు తెరిచి చూశారు. నేను వేలితో అలాగే ఉండమని సైగ చేసి, కుర్చీ పక్కన గచ్చు మీద చతికిలబడ్డాను. పిన్నిగారి మడమ వెనకాల నా అరచెయ్యి పెట్టాను. తగలకుండా, జానెడు ఎడంగా.

"పిన్నిగారూ, నేనండీ" అన్నాను మెల్లగా.

"మడిలో ఉన్నా అమ్మాయ్" అన్నారు, కళ్ళు తెరవకుండానే.

"తెలుసండీ. ముట్టుకోను, ఒట్టు. మీ మడమ వెనక నా చెయ్యి ఉంది. మీరూ తగలకుండా, దాని దగ్గరికి రండి."

ఒక క్షణం ఏమీ జరగలేదు. తర్వాత పంచె ముక్క గచ్చు మీద కొంచెం జరిగింది. మడమ నా చేతి దగ్గరికి వచ్చింది. నేను చెయ్యి వెనక్కి తీశాను. మడమ మళ్ళీ వచ్చింది. మళ్ళీ తీశాను. తొడ వైపు చూస్తే, ఆ కండ బిగుసుకోలేదు. ఒకచోట ఆగి వణికింది. లెక్చరర్‌గారి చేతులు అక్కడే ఉన్నాయి, కదల్లేదు. పిన్నిగారు గట్టిగా ఊపిరి వదిలారు. మడమ మళ్ళీ జరిగింది.

"నొప్పి ఉందా అండీ?"

"ఉంది. ఉన్నా... పక్కన కూర్చుంది. నా మీద పడట్లేదు."

ఎన్నో ఏళ్ళు రోగుల నొప్పి గురించి అడుగుతూ బతికాను. అలాంటి జవాబు ఎప్పుడూ వినలేదు.

కుర్చీకున్న ముందరి కాలు నిటారుగా ఉంటుంది కదా. పిన్నిగారి కాలు దానికి సమంగా వచ్చింది. అంటే డాక్టరుగారు అడిగినంత వంగినట్టే. నాకు కేక పెట్టాలనిపించింది. పెట్టలేదు. చెయ్యి ఇంకా వెనక్కి తీశాను. మడమ కుర్చీ కాలు దాటి లోపలికి వెళ్ళింది. నేను గచ్చు మీద పాక్కుంటూ కుర్చీ కిందికి దూరాల్సి వచ్చింది. నా చెయ్యి ముందు, దాని వెనక ఆవిడ మడమ, మధ్యలో జానెడు గాలి. ఎవరూ ఎవరినీ ముట్టుకోలేదు. ఆ గాలిలో ఏముందో నాకు తెలియదు. ఏదో ఉందని మాత్రం ఆ క్షణంలో ఎవరైనా ప్రమాణం చెయ్యమంటే చేసేదాన్ని.

"ఇక చాలండీ, కళ్ళు తెరిచి చూడండి" అన్నాను.

పిన్నిగారు కిందికి చూసుకున్నారు. తన కాలు కనపడలేదు, అది కుర్చీ కింద ఉంది. మోకాలు మాత్రం గుండ్రంగా, మామూలు మనుషుల మోకాలిలా కనపడింది. "నాదేనా?" అన్నారు. లెక్చరర్‌గారి కళ్ళ వెంట నీళ్ళు కారిపోతున్నాయి, చేతులు మాత్రం ఇంకా గాలిలోనే ఉన్నాయి. దించడం మర్చిపోయినట్టున్నారు.

తల తిప్పి చూస్తే గుమ్మంలో బాబాయిగారు. నైవేద్యానికి పటిక బెల్లం పట్టుకెళ్దామని ఇంటికి వచ్చి, ఎప్పటినుంచి నిలబడ్డారో, అలాగే నిలబడిపోయారు. ఆ రోజు ఊళ్ళో స్వామికి నైవేద్యం ఆలస్యమైంది. గంట ఎందుకు మోగలేదో అడగడానికి పక్కింటావిడ వస్తే గానీ ఆయనకి గుడి గుర్తు రాలేదు. నాకు బండి తప్పిపోయింది. బస్సులో వెళ్ళి, ఆలస్యానికి ఆసుపత్రిలో చీవాట్లు తిన్నాను. ఎంత హాయిగా తిన్నానో చెప్పలేను.

మర్నాడు డాక్టరుగారు మోకాలు చూసి నమ్మలేక రెండుసార్లు వంచి చూశారు. పిన్నిగారు కళ్ళు మూసుకుని లోపలికి ఊపిరి పీలుస్తున్నారు, స్నేహితురాలు ఎదురుగా ఉందని ఊహించుకుంటున్నారని నాకు అర్థమైంది. కండ బిగుసుకోలేదు. "మత్తు అక్కర్లేదు. ఏం చేశారు మేడం?" అని అడిగారు. "ముట్టుకోలేదు సార్" అన్నాను. ఆయన నేను హాస్యమాడాననుకుని నవ్వేసి తర్వాతి రోగిని పిలిచారు.

పిల్లలూ, ఇక్కడ మీరు తెలివిగా అడుగుతారని నాకు తెలుసు. మాత్ర పనిచేసింది, వ్యాయామం పనిచేసింది, భయం పోయాక కండ వదిలింది, ఇందులో శక్తి ఏముంది మేడం, అని. నేనూ తెనాలి బస్సులో కూర్చుని అదే అనుకున్నాను. ఆ చేతులు ఎముకని అతికిస్తాయని గానీ, చీము పట్టిన కుట్టుని మాన్పుతాయని గానీ నేను చస్తే అనను. ఆ మాట ఎవరైనా అంటే ఇప్పటికీ నా నోరు మీకు తెలుసు. వ్యాయామం మాన్పించే వైద్యం ఏదైనా సరే, దాన్ని అరుగు మీద నిలబెట్టి కడిగెయ్యండి. కానీ భయం పోయాక కండ వదిలింది అని చెప్పి ఊరుకోగలను గానీ, భయం ఎలా పోయిందో నేను చెప్పలేను. పోగొట్టాలని నేను నా దగ్గరున్న విద్యలన్నీ వాడాను. నా విద్యలన్నీ చేతులు వేసేవే. ఒక మనిషి పక్కన ఏమీ చెయ్యకుండా, ఏమీ అడగకుండా, పూర్తిగా ఆవిడ కోసమే కూర్చుంటే ఆ ఒంట్లో ఏం జరుగుతుందో నాకు ఎవరూ నేర్పలేదు. లెక్చరర్‌గారు దాన్ని శక్తి అంటారు. నేను ఏమీ అనను. ఈ విషయం మీద మేమిద్దరం రేపల్లె బస్టాండులో టీ తాగుతూ చాలాసార్లు పోట్లాడుకున్నాం, ఇప్పటికీ ఫోన్‌లో పోట్లాడుకుంటాం. ఎవరూ గెలవలేదు. కానీ ఆ తర్వాత నేను రిటైరయ్యేదాకా, భయపడ్డ ప్రతి కాలి దగ్గరా ముందు కాసేపు చేతులు ఎడంగా పెట్టుకుని కూర్చున్నాను. మా తొందర మనిషి చూసి మొదట్లో నవ్వాడు. తర్వాత తనూ అలాగే కూర్చోవడం ఒకరోజు చూశాను.

ధనుర్మాసం మొదటి రోజుకి పిన్నిగారు మమ్మల్ని ఇద్దరినీ రమ్మన్నారు. ముందురోజే వెళ్ళి వాళ్ళింట్లోనే పడుకున్నాం. తెల్లవారుజామున మంచు పడుతుంటే శాలువాలు కప్పుకుని గుడి వంటింటి బయట నిలబడ్డాం. గుడి వంటిల్లు పాతకాలం కట్టడం. గడప మోకాలి ఎత్తు ఉంటుంది, దాని ముందు రెండు మెట్లు. బాబాయిగారు లోపల ఎత్తుగా పొయ్యి దిమ్మె కట్టించి, పక్కన పీట వేయించారు. లోపల్నుంచి నేతిలో మిరియాలు, జీలకర్ర చిటపటలాడే చప్పుడు, పొంగలి వాసన. మధ్యమధ్య గరిటె గిన్నెకి తగిలే శబ్దం. అది వింటూ మేమిద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకోలేకపోయాం.

పొంగలి గిన్నె బాబాయిగారు అందుకుని గర్భగుడి వైపు వెళ్ళారు. పిన్నిగారు గుమ్మంలోకి వచ్చారు. తలకి తడి తువ్వాలు, మడి చీర, ఆ పొడుగు మనిషి. గోడ పట్టుకోలేదు. ఆపరేషన్ అయిన కాలే ముందు ఎత్తి, మోకాలు వంచి, గడప దాటించి మెట్టు మీద పెట్టారు. రెండో కాలు తెచ్చుకున్నారు. మెట్లు దిగి నేరుగా నా వైపు నడిచి వస్తున్నారు. నేను అలవాటుగా వెనక్కి జరిగి, చేతులు రెండూ వెనక దాచుకున్నాను.

"పిన్నిగారూ, గంట కొట్టలేదండీ ఇంకా!"

"చెవుడు లేదు నాకు. చేతులు ఇటు తే" అన్నారు.

నేను తేలేదు. ఆవిడే నా వెనక్కి చెయ్యి చాపి, నా చేతులు రెండూ లాక్కుని, తన కళ్ళకి అద్దుకున్నారు. ఆ తర్వాత పక్కకి తిరిగి లెక్చరర్‌గారి చేతులు కూడా అలాగే అద్దుకున్నారు.

"మడి పోయిందే నీది!" అన్నారు లెక్చరర్‌గారు ఏడుస్తూనే.

"పోతే మళ్ళీ స్నానం చేస్తాను. కూర్చుని లేవగలనుగా ఇప్పుడు" అని, పిన్నిగారు కొంగు సర్దుకుని, ఎవరినీ ఆసరా అడక్కుండా ఇంటి వైపు నడిచి వెళ్ళిపోయారు.